తిమ్మిరి సూది: కొలత తెలుసుకుని వేయించుకుందాం

(సంఘం వార్షిక సమావేశం సందర్భంగా నాంపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి ఓ అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను చక్కెర జబ్బు గురించో, రక్తపోటు గురించో చెబుతానని ఆయన అనుకొని ఉంటారు. అవి ముఖ్యమైనవే, కాదనను. కాని వాటి గురించి ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. నేను ఎన్నుకున్న విషయం చూడటానికి చాలా చిన్నది. పన్ను పీకేముందు చిగుళ్ళలో వేసే సూది. గాయానికి కుట్లు వేసేముందు చర్మం కింద వేసే సూది. పిల్లలకు సున్తీ చేసేముందు వేసే సూది. మన ఇళ్ళల్లో దీన్ని 'సున్ కర్‌నే కీ సూయీ' అంటారు. తెలుగులో తిమ్మిరి సూది అందాం.

నా ఉద్యోగమంతా మత్తుమందు ఇవ్వడంలోనే గడిచింది. పెద్ద ఆపరేషనుకు వచ్చినవారు నన్ను వంద ప్రశ్నలు అడిగేవారు. "మళ్ళీ తెలివి వస్తుందా డాక్టర్ సాబ్?" అని చెయ్యి పట్టుకునేవారు. అదే మనిషి తిమ్మిరి సూదికి మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చొక్కా చేయి పైకి మడిచేవాడు. "లోకలే కదా!" అనే మాట మన ఊళ్ళో ఎంత వాడుకలో ఉందో మీకు తెలుసు. ఆ 'కదా' అనే మాటలోనే ప్రమాదం ఉంది. ఈ మందు మంచిది, చాలా మంచిది. దీనికి భయపడి ఎవరూ నొప్పి భరించనక్కరలేదు, పిల్లలచేత భరింపజేయనక్కరలేదు. అయితే మంచి మందుకు ఒక కొలత ఉంటుంది. ఆ కొలత గురించి, మందు వేశాక మనిషిని కనిపెట్టుకుని ఉండటం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. చివర మన సంఘానికి ఒక విన్నపం కూడా ఉంది.

మన ఊరి పాత ముచ్చట

మత్తుమందు క్షేమం గురించి ప్రపంచమంతా హైదరాబాదు వైపు చూసిన కాలం ఒకటి ఉంది. మనలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఇక్కడ నాంపల్లిలో బయలుదేరి, అబిడ్స్ దాటి, మొజంజాహీ మార్కెట్ మీదుగా మూసీ వైపు వెళితే అఫ్జల్‌గంజ్ వస్తుంది. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి అనే పేరుతో మనకు తెలిసిన సంస్థకు ముందు, అక్కడ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదలో అది కొట్టుకుపోయింది. దానికి ఇరవై ఏళ్ళ ముందు ఆ ఆసుపత్రిలోనూ, హైదరాబాదు మెడికల్ స్కూలులోనూ పెద్ద దిక్కుగా ఉన్నవాడు ఎడ్వర్డ్ లారీ అనే సర్జను. ఎడిన్‌బరోలో చదువుకున్నవాడు. అప్పట్లో ఆపరేషన్లకు క్లోరోఫారం వాడేవారు. అది 1847లో వాడుకలోకి వచ్చింది. 1848 జనవరిలోనే ఇంగ్లండులో పదిహేనేళ్ళ అమ్మాయి ఒకతె, కాలిగోరు తీయించుకోవడానికి వచ్చి, క్లోరోఫారం పీల్చిన కొద్ది నిమిషాలకే చనిపోయింది. చేయవలసిన పని ఎంత చిన్నది, జరిగిన నష్టం ఎంత పెద్దది! అప్పటినుంచి వైద్యలోకంలో ఒకటే వాదులాట. ఈ మందు ముందుగా ఊపిరిని ఆపుతుందా, గుండెను ఆపుతుందా?

లారీ వాదన ఏమిటంటే - ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, క్లోరోఫారంతో ఎవరూ పోరు. పోయారంటే ఇచ్చినవాడి అజాగ్రత్తే. దాన్ని నిరూపించడానికి 1888లో ఇక్కడే ఒక కమిషన్ కూర్చుంది. లండనులోని లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలను నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం 1000 పౌన్లు ఇస్తామని చెప్పి, మీకు నమ్మకమైన మనిషిని మీరే పంపండి అంది. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరుగల వైద్యుడు లండను నుంచి వచ్చాడు. వందలాది జంతువులపై పరీక్షలు జరిగాయి. వచ్చేటప్పుడు గుండెకే ప్రమాదం అని నమ్మి వచ్చిన బ్రంటన్, ఊపిరే ముందు ఆగుతుందని ఇక్కడినుంచి తంతి పంపాడు. హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ అని దానికి పేరు. ఆ కాలంలోనే అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ మహిళ క్లోరోఫారం ఇవ్వడంలో నిపుణురాలైంది. 1889లో మన మెడికల్ స్కూలులోనే చదువు పూర్తిచేసింది. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తువైద్యులలో ఆమెను లెక్కిస్తారు. ఆడపిల్లల్ని చదివించడానికి వెనకాడే తల్లిదండ్రులు ఎవరైనా ఇక్కడ ఉంటే, ఈ ఒక్క మాట ఇంటికి పట్టుకెళ్ళమని నా కోరిక.

కథ అంతటితో ముగియలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన ఇంగ్లండులో ఒక సంగతి నిరూపించాడు. తేలికపాటి క్లోరోఫారం మత్తులో ఉన్న జంతువుకు అడ్రినలిన్ తగిలితే గుండె ఉన్నట్టుండి గిలగిలా కొట్టుకుని ఆగిపోతుంది. ఊపిరి ఆగేదాకా అది కాచుకోదు. అంటే లారీ చెప్పినదానిలో సగం నిజం ఉంది, సగం లేదు. ఊపిరిని కనిపెట్టుకోవాలన్న మాట ముమ్మాటికీ నిజం. అది ఒక్కటే చాలు, మందులో దోషం లేదు అన్న ధీమా మాత్రం నిలవలేదు.

ఈ పాత ముచ్చట ఎందుకు తవ్వానంటే, క్లోరోఫారం పోయింది కాని ఆ ధీమా పోలేదు. అది ఇప్పుడు తిమ్మిరి సూది మీదికి వచ్చి కూర్చుంది.

ఈ మందు ఎక్కడినుంచి వచ్చింది, ఏం చేస్తుంది

1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టరు కంటిలో కొకైన్ చుక్కలు వేస్తే కన్ను స్పర్శ కోల్పోతుందని కనిపెట్టాడు. అక్కడ మొదలైంది ఈ కథ. కొకైన్ అలవాటుపడేది, ప్రాణాలు తీసేది. అందుకని 1904లో జర్మనీలో ఐన్‌హార్న్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రొకైన్ తయారుచేశాడు. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ అనే ఇద్దరు లిగ్నోకైన్ తయారుచేశారు. లుండ్‌క్విస్ట్ తన ఒంటిమీదే సూది వేసుకుని పరీక్షించాడు. 1948 నుంచి అది బజారులోకి వచ్చింది. మీరు జైలోకైన్ అని వినే పేరు ఈ మందుదే. దీనికంటే ఎక్కువసేపు పనిచేసే బుపివకైన్ 1957లో వచ్చింది.

ఈ మందు చేసే పని చెబుతాను, వినండి. నొప్పి కబురు నరం గుండా మెదడుకు పోతుంది. నరం గోడలో సన్నని ద్వారాలుంటాయి. వాటిగుండా సోడియం లోపలికి దూసుకువెళితేనే కబురు ముందుకు నడుస్తుంది. ఈ మందు ఆ ద్వారాలను కాసేపు మూసేస్తుంది. కబురు ఆగిపోతుంది, నొప్పి తెలియదు. కొంతసేపటికి మందు రక్తంలోకి జారిపోయి, ద్వారాలు తిరిగి తెరుచుకుంటాయి.

అంతా బాగానే ఉంది. కాని అవే ద్వారాలు మెదడులోనూ ఉన్నాయి, గుండెలోనూ ఉన్నాయి. పాపం మందుకు చిగురేదో గుండె ఏదో తెలియదు. రక్తంలోకి ఎక్కువగా చేరితే ఎక్కడ ద్వారం కనబడితే అక్కడ మూస్తుంది. మెదడులో మూస్తే మూర్ఛ వస్తుంది. గుండెలో మూస్తే కొట్టుకోవడం తప్పుతుంది. ప్రమాదం అంతా ఇంతే. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు.

రక్తంలోకి ఎక్కువగా ఎలా చేరుతుంది? రెండు దారులు. ఒకటి, సూదిమొన రక్తనాళంలో పడటం. అందుకే మందు తోసేముందు పిస్టను కొద్దిగా వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూస్తారు; తర్వాత కొంచెం కొంచెంగా, ఆగి ఆగి వేస్తారు. ఒక్కసారిగా గబుక్కున తోసేవారిని చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. రెండోది, సరైన చోటే వేసినా మొత్తం కొలత మించిపోవడం. ఇది మనం తెలుసుకోదగిన విషయం. చదువుకున్న తండ్రి, చదువుకున్న తల్లి, హైస్కూలు పిల్లవాడు కూడా వేయగల లెక్క.

లెక్క వేద్దాం

సీసామీద 1 శాతం అని ఉంటే ఒక మి.లీ.లో 10 మి.గ్రా. మందు ఉన్నట్టు. 2 శాతం అంటే 20 మి.గ్రా. అడ్రినలిన్ కలపని లిగ్నోకైన్ ఒంటి బరువులో కిలోకు 4.5 మి.గ్రా. దాటకూడదు. ఎంత లావుపాటి మనిషికైనా మొత్తం 300 మి.గ్రా. మించకూడదు. అడ్రినలిన్ కలిపినదైతే మందు మెల్లగా రక్తంలోకి పోతుంది కాబట్టి కిలోకు 7 మి.గ్రా. వరకు, మొత్తం 500 వరకు ఒప్పుకుంటారు. బుపివకైన్ ఇంకా ఘాటైనది. దానికి కిలోకు సుమారు 2 మి.గ్రా. దగ్గరే ఆగాలి.

ఇప్పుడు మామూలుగా కనబడే 30 మి.లీ. సీసా తీసుకోండి. 2 శాతం మందు. ముప్పై ఇరవైలు ఎంత? 600 మి.గ్రా. అంటే చేతిలో ఇమిడే ఆ చిన్న సీసాలో ఒక పెద్ద మనిషికి ఒక్కసారికి ఇవ్వదగినదానికి రెట్టింపు మందు ఉంది.

పిల్లల సంగతి చూడండి. పిల్లవాడి బరువు 15 కిలోలు అనుకుందాం. పదిహేను నాలుగున్నరలు 67.5 మి.గ్రా. 2 శాతం మందులో అది సుమారు 3.3 మి.లీ. మాత్రమే. ఐదు మి.లీ. సిరంజి నిండా ఎక్కిస్తే 100 మి.గ్రా.! హద్దు దాటిపోయింది. 10 కిలోల పసివాడికైతే 2.25 మి.లీ. దగ్గరే హద్దు. అదే 1 శాతం మందు తీసుకుంటే అంతే మందు రెట్టింపు నీళ్ళలో వస్తుంది, వైద్యుడి చేతికి వెసులుబాటు ఉంటుంది. అందుకే పిల్లలకు పలచని మందు వాడటం మంచిపద్ధతి. రెండు రకాల తిమ్మిరి మందులు కలిపి వాడితే, దేని హద్దు దానికి విడిగా ఉందని అనుకోకూడదు. రెండింటి భారమూ ఒకే గుండె మీద పడుతుంది.

ఇక్కడ ఇంకో మాట. సూది వేశాక రెండు మూడు నిమిషాలు ఆగాలి. బుపివకైన్‌కు ఇంకా ఎక్కువ సేపు ఆగాలి. ఆగే ఓపిక లేక "ఇంకా నొప్పిగానే ఉంది" అని మళ్ళీ పొడుస్తారు. తర్వాత మళ్ళీ. చీముపట్టిన చోట ఈ మందు సరిగా పనిచేయదు. చీములోని ఆమ్లం దాన్ని నరంలోకి పోనివ్వదు. చెంప వాచి వచ్చినవారిని దంతవైద్యుడు "ముందు వాపు తగ్గనివ్వండి" అని తిప్పి పంపితే విసుక్కోకండి. ఆయన మీ మేలే కోరుతున్నాడు.

ఎవరు ముందే చెప్పాలి

గుండె జబ్బు, కాలేయం జబ్బు, మూర్ఛ ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు, రక్తం పలచబడే మాత్రలు వాడేవారు సూదికి ముందే చెప్పాలి. ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు వాడుతున్నా చెప్పాలి. ఆ మాత్రలు ఈ మందు ఒంట్లోనుంచి పోవడాన్ని ఆలస్యం చేస్తాయి. ముసలివారికి, బక్కచిక్కినవారికి కొలత తగ్గించాలి. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలాంటి సూదికి ఇబ్బందిపడి ఉంటే, ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పాలి.

"నాకు ఆ సూది పడదండీ" అని చాలామంది అంటారు. నిజంగా పడకపోవడం చాలా అరుదు. ఎక్కువమందికి జరిగింది భయంతో కళ్ళు తిరగడమే. కొందరికి పడనిది అసలు మందు కాక, సీసాలో మందు చెడిపోకుండా కలిపే పదార్థం కావచ్చు. అడ్రినలిన్ వల్ల గుండె దడదడలాడటాన్ని కూడా పడలేదనుకుంటారు. కాబట్టి సంగతేమిటో వైద్యుణ్ణి తేల్చనివ్వండి. ఆ భయంతో కుళ్ళిన పన్నును ఏళ్ళతరబడి దవడలో మోయకండి.

టెస్ట్ డోస్ గురించి కూడా చెప్పాలి. చేతిమీద చిన్న బొబ్బలాగా మందు వేసి చూస్తారు కదా. అది పడుతుందా పడదా అన్న ప్రశ్నకు కొంత జవాబు చెబుతుందేమో గాని, కొలత మించితే కాపాడదు. "టెస్ట్ చేశాం, ఇక ఎంత వేసినా ఫరవాలేదు" అనుకోవడం శుద్ధ పొరపాటు.

రంజాన్ నెలలో ఈ సూది వేయించుకోవచ్చా అని అడుగుతారు. ధార్మిక విషయం ఆలిములను అడగండి. వైద్య విషయం నేను చెబుతాను. పొద్దంతా ఏమీ తీసుకోనివారు సూదిని చూడగానే కళ్ళు తిరిగి పడటం తేలిక. ఆగగల పనైతే ఇఫ్తార్ తర్వాతకో, పండుగ తర్వాతకో పెట్టుకోండి. పడుకోబెట్టి వేయమని అడగండి.

ప్రమాదం ముందుగా ఎలా పలకరిస్తుంది

మందు ఎక్కువైతే చాలాసార్లు మనిషే మనకు చెబుతాడు. పెదవుల చుట్టూ, నాలుకమీద తిమ్మిరి అంటాడు. నోట్లో ఇనుము రుచి అంటాడు. చెవుల్లో గుయ్యిమంటోంది అంటాడు. చూపు మసకబారుతుంది. కొందరు ఉన్నట్టుండి గలగలా మాట్లాడతారు, కొందరు మాట తడబడతారు, కొందరు నిద్రలోకి జోగుతారు. తర్వాత ముఖంలోనూ వేళ్ళలోనూ చిన్నచిన్న అదురులు. ఆ తర్వాత మూర్ఛ, ఊపిరి ఆగడం, చివరకు గుండె.

ఈ వరుస ఎప్పుడూ ఇలాగే ఉంటుందని నమ్ముకోరాదు. బుపివకైన్ రక్తనాళంలోకి పోతే మూర్ఛతోపాటే గుండె ఆగవచ్చు. 1979లో అమెరికాలో ఆల్‌బ్రైట్ అనే వైద్యుడు ఈ సంగతి లోకానికి చాటాడు. క్లోరోఫారం విషయంలో లెవీ ఏం చెప్పాడో ఇదీ అటువంటిదే. ఊపిరి, గుండె - రెండింటినీ కనిపెట్టాలి.

పసిపిల్లవాడు చెవుల్లో గుయ్యిమంటోందని చెప్పలేడు. నిద్రమందు సిరప్ తాగించి పడుకోబెట్టిన పిల్లవాడు అసలే చెప్పలేడు. కాబట్టి వాడి తరఫున ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. కోసే చేతులు వేరు, చూసే కళ్ళు వేరుగా ఉండాలి.

ఇటువంటిది జరిగితే వైద్యులు మొదట సూది ఆపుతారు. ఊపిరి దారి సరిచేసి ఆక్సిజన్ ఇస్తారు. మూర్ఛకు మందు ఇస్తారు. గుండెకు తగిలితే 20 శాతం కొవ్వు మందును రక్తనాళంలోకి ఎక్కిస్తారు. తెల్లగా పాలలా ఉంటుంది. 1998లో వైన్‌బర్గ్ అనే అమెరికన్ వైద్యుడు ఎలుకల్లో దాని గుణం కనిపెట్టాడు. 2006లో ఒక మనిషి ఆగిన గుండె దానితో తిరిగి కొట్టుకున్నట్టు మొదటిసారి ప్రకటించారు. ఆ రోజుల్లో మేము ఇటువంటిది కలలో కూడా ఊహించలేదు. మనవంతుగా చేయవలసింది - అరవకుండా దారి వదలడం, బయట ఉంటే 108కి ఫోను చేయడం. మూర్ఛ వచ్చినవాడి చేతిలో తాళంచెవులు పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి, ముక్కుదగ్గర ఉల్లిపాయ పెట్టకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, అంతే.

సూది తర్వాత ఇంట్లో

పంటికి సూది వేయించుకున్న పిల్లలు తిమ్మిరెక్కిన పెదవిని తమాషాగా కొరుక్కుంటారు. తిమ్మిరి దిగాక చూస్తే పెదవి పుండై ఉంటుంది. రెండు మూడు గంటలు తల్లి కనిపెట్టుకోవాలి. తిమ్మిరి దిగేదాకా వేడి చాయ్ వద్దు. అబిడ్స్‌లో పన్ను పీకించుకుని, రోడ్డు దాటి ఇరానీ చాయ్ తాగి నాలుక కాల్చుకున్నవారిని నేను చూశాను.

పైపూత మందులు కూడా ఈ జాతివే. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక చేసింది. వెంట్రుకలు తీయించుకునేముందు నొప్పి తెలియకుండా ఈ పూతమందు కాళ్ళకు దట్టంగా పూసి, పైన చుట్టుకున్న ఇద్దరు యువతులు చనిపోయారు. పళ్ళు వచ్చే పసివాళ్ళ చిగుళ్ళకు ఈ మందు రాయవద్దని అదే సంస్థ 2014లో చెప్పింది. చర్మం, చిగురు కూడా మందును తాగుతాయి. బ్యూటీ పార్లరుకు వెళ్ళే మన ఆడపిల్లలు ఇది గుర్తుంచుకోవాలి.

సంఘానికి నా విన్నపం

ఇక అసలు విషయానికి వస్తాను. వేసవి సెలవుల్లో బీద కుటుంబాల పిల్లలకు సామూహికంగా సున్తీలు చేయించడం మన పెద్దలు చేస్తున్న పుణ్యకార్యం. ఖర్చు భరించలేని తండ్రి తలవంచుకోనక్కరలేకుండా పిల్లవాడికి కొత్త బట్టలు, మిఠాయి, వైద్యం - అన్నీ ఒకచోట దొరుకుతాయి. దాన్ని ఆపమని నేను అనను. కాని ఒక ఫంక్షన్ హాలులో నేను చూసిన శిబిరం గురించి చెప్పాలి. ఊరి పేరూ నిర్వాహకుల పేరూ చెప్పను. పిల్లలు వరుసగా కూర్చున్నారు. ఒక సీసా, అందరికీ ఒకటే కొలత. నాలుగేళ్ళవాడికీ పదేళ్ళవాడికీ తేడా లేదు. తూకం లేదు. ఆక్సిజన్ లేదు. ఆ రోజు ఏమీ జరగలేదు, అల్‌హందులిల్లాహ్. ఏమీ జరగకపోవడం వల్లనే పైసంవత్సరం కూడా అదే పద్ధతి అవుతుంది. ధీమా అలాగే పెరుగుతుంది.

కాబట్టి మన సంఘం వచ్చే శిబిరానికి ముందు ఈ ఆరు నియమాలు రాసి గోడకు అంటించాలని కోరుతున్నాను.

ఒకటి, శిబిరం ఫంక్షన్ హాలులో వద్దు. ఆక్సిజన్, ఊపిరి అందించే సంచీ మాస్కు, అత్యవసర మందులు ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. సూది వేసేది, సున్తీ చేసేది చదువుకున్న డాక్టరే అయి ఉండాలి.

రెండు, ప్రతి పిల్లవాణ్ణీ ఆ ఉదయమే తూచాలి. బరువు, వాడికి గరిష్ఠంగా ఎన్ని మి.లీ. ఇవ్వవచ్చో కాగితం మీద రాసి చొక్కాకు పిన్ను పెట్టాలి. తూకం యంత్రం ఖరీదు ఒక పూట బిర్యానీ ఖర్చులో పదోవంతు కూడా కాదు.

మూడు, సీసామీద పేరు, శాతం ఇద్దరు పైకి చదవాలి. సున్తీకి అడ్రినలిన్ కలిపిన మందు వాడకూడదు. అక్కడి రక్తనాళాలు బిగుసుకుంటే చర్మానికే ముప్పు. ఒక సిరంజి, ఒక సూది ఒకే పిల్లవాడికి. వాడిన సూది మళ్ళీ సీసాలో పెట్టరాదు.

నాలుగు, ఆపరేషను చేసే డాక్టరు కాక, పిల్లవాడి ముఖం, ఊపిరి, నాడి చూడటానికే ఒక మనిషి ఉండాలి. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు ఉండాలి.

ఐదు, పని అయ్యాక కనీసం అరగంట పిల్లవాడు వారి కళ్ళముందే ఉండాలి. దండలు, ఫోటోలు ఆ తర్వాత.

ఆరు, ఒక రోజుకు ఇంతమందే అని ముందుగా నిర్ణయించాలి. సంఖ్య పెరిగేకొద్దీ చేతులు తొందరపడతాయి. సావనీరులో వంద మంది అని వేసుకోవడం కంటే ముప్పైమంది క్షేమంగా ఇంటికి వెళ్ళారని వేసుకోవడం మనకు గౌరవం.

దీనివల్ల ఖర్చు పెరుగుతుందని కోశాధికారిగారు నావైపు చూస్తున్నారు. పెరుగుతుంది. చందా రసీదు పుస్తకం ఒకటి నాకివ్వండి. నాంపల్లి స్టేషను రోడ్డు నుంచి అబిడ్స్ చౌరస్తా దాకా దుకాణం దుకాణానికి నేనే తిరుగుతాను. పిల్లల ప్రాణం మాట చెబితే మన వ్యాపారస్తులు ఎవరూ చెయ్యి వెనక్కి తీయరు. ఆ సంగతి నాకు తెలుసు.

తల్లిదండ్రులకు ఒక మాట చెప్పి ముగిస్తాను. డాక్టరును ప్రశ్న అడగడం అమర్యాద కాదు. "ఏ మందు సాబ్? ఎంత శాతం? మావాడి బరువుకు ఎన్ని మి.లీ.?" ఈ మూడు ప్రశ్నలు మెల్లగా, మర్యాదగా అడగండి. పని తెలిసిన డాక్టరు సంతోషంగా జవాబు చెబుతాడు. నన్ను అలా అడిగిన తండ్రులు తక్కువ. అడిగినవారిని చూస్తే మాత్రం ఈ పిల్లవాడికి ఇద్దరు కాపలాదారులున్నారు, నేనొకణ్ణి, ఈయనొకడు అనిపించేది. చెవుల్లో గుయ్యిమందనో, నోట్లో ఏదో రుచి అనో పిల్లవాడు చెబితే "ఊరుకోరా, భయం" అని నోరు మూయించకండి. వెంటనే డాక్టరుకు చెప్పండి.

 అధ్యక్షులవారు అనుమతిస్తే, ఆ ఆరు నియమాల మీద ఈ సభలోనే తీర్మానం పెట్టవలసిందని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.